వాల్వు సన్నబడితే పక్కనున్న ధమనుల్లో రక్తం ఎందుకు తగ్గుతుంది

మెట్లెక్కేటప్పుడు ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉంటుంది, నిలబడిపోతే రెండు నిమిషాల్లో తగ్గుతుంది. నెల్లూరులోనో ఒంగోలులోనో యాంజియోగ్రామ్ తీయిస్తారు. "బ్లాకులేం లేవు" అనగానే ఇంటిల్లిపాదీ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. నొప్పి మాత్రం పోదు. "బ్లాకుల్లేవన్నారు గదన్నా, ఇది గ్యాసే" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు, మాత్రలు మొదలవుతాయి. అదే ఫైల్లో ఎకో రిపోర్టు ఉంటుంది. అందులో అయోర్టిక్ స్టెనోసిస్, అంటే అయోర్టిక్ వాల్వు సన్నబడటం, అని రాసి ఉంటే ఆ నొప్పికి కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది. గుండె కండరానికి రక్తం చాలకపోవడానికి కరోనరీ ధమనిలో అడ్డు ఉండి తీరాలని లేదు. ఆ ధమని మొదలయ్యే చోటికి సరిగ్గా కింద ఉన్న వాల్వు సన్నబడినా చాలు.

గుండె ఎడమ కింది గది నుంచి బృహద్ధమనిలోకి రక్తం వెళ్లే దారిలో అయోర్టిక్ వాల్వు ఉంటుంది. దానికి మూడు రెక్కలు. బాగున్న వాల్వు తెరుచుకుంటే 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్ల దారి ఏర్పడుతుంది. వయసుతో రెక్కల్లో సున్నం పేరుకున్నా, చిన్నప్పటి రుమాటిక్ జ్వరంతో రెక్కలు అతుక్కున్నా, పుట్టుకతోనే మూడుకు బదులు రెండే రెక్కలున్నా ఆ దారి కుంచించుకుపోతుంది. 1 చదరపు సెంటీమీటరు, అంతకన్నా తక్కువైతే తీవ్రమైనదిగా లెక్క. వాల్వు రెక్కల వెనక బృహద్ధమని గోడ మూడు చోట్ల చిన్న గిన్నెల్లా ఉబ్బి ఉంటుంది. వాటిలో రెండింటి నుంచే గుండెకు రక్తమిచ్చే కుడి, ఎడమ కరోనరీ ధమనులు బయల్దేరతాయి. అందుకే వాల్వుకు వచ్చిన కష్టం ముందుగా ఈ రెండింటికీ తగులుతుంది.

మిగతా ఒళ్లంతటికీ గుండె బిగుసుకున్నప్పుడు రక్తం పరుగెత్తుతుంది. ఎడమ గది కండరానికి మాత్రం ఎక్కువ భాగం గుండె సడలినప్పుడే అందుతుంది. బిగుసుకున్న కండరం తనలోని సన్న నాళాలను తానే నొక్కేస్తుంది కాబట్టి. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

లెక్క వేసి చూద్దాం. చేతికి పట్టీ కట్టి చూస్తే బీపీ 120/70 ఉందనుకోండి. మామూలు మనిషికి గుండె గదిలోనూ పై ఒత్తిడి దాదాపు 120 ఉంటుంది. వాల్వుకు అటూ ఇటూ ఒత్తిడిలో సగటు తేడా 50 ఉన్న మనిషికి గది లోపల 170, 180 దాకా ఎక్కుతుంది. బయట పట్టీకి ఇది కనపడదు. "బీపీ నార్మలే గదా" అనే మాట ఈ జబ్బులో ఏ ధైర్యమూ ఇవ్వదు. అంత ఒత్తిడితో ఏళ్ల తరబడి తోసీ తోసీ గది గోడ మందమవుతుంది. 1 సెంటీమీటరు లోపు ఉండాల్సిన గోడ 1.4, 1.5కు చేరుతుంది. కండరం పెరిగినంతగా దానిలోని కేశనాళికలు పెరగవు. మందమైన గోడ బిరుసెక్కుతుంది, సడలినప్పుడు కూడా గదిలో ఒత్తిడి పూర్తిగా దిగదు. మామూలుగా 8, 10 ఉండాల్సింది 25 దాకా ఉండొచ్చు. కరోనరీల్లోకి రక్తాన్ని తోసేది బృహద్ధమనిలోని కింది బీపీ. దానికి ఎదురు నిలిచేది గదిలో మిగిలిన ఒత్తిడి. ఆరోగ్యవంతుడికి 70లో 10 తీసేస్తే 60 మిగులుతుంది. ఈ రోగికి 70లో 25 తీసేస్తే 45. కండరం చూస్తే ఎక్కువ, దాన్ని తడిపే ఒత్తిడి చూస్తే తక్కువ. ముందుగా ఎండిపోయేది గోడ లోపలి పొర. ఈసీజీలో ఎస్‌టీ అనే భాగం కిందికి దిగి, టీ అనే అల తిరగబడి కనిపించే మార్పుల్లో దీని పాత్ర కూడా ఉంటుంది.

ఇక వేగం. నిమిషానికి 60సార్లు కొట్టుకునే గుండె ఒక్కో దెబ్బకు ఒక సెకను తీసుకుంటుంది. అందులో సుమారు మూడో వంతు బిగుసుకోవడం, మిగతాది సడలడం. అంటే నిమిషంలో దాదాపు 40 సెకన్లు కండరానికి రక్తం అందే వేళ. అదే గుండె 120కి చేరితే దెబ్బకు అర సెకనే. బిగుసుకునే వేళ కొద్దిగానే తగ్గుతుంది, కోత పడేదంతా సడలే వేళకే. నిమిషంలో 30 సెకన్లకు అటూ ఇటూ మిగులుతుంది. సన్నబడిన వాల్వులోంచి రక్తాన్ని నెట్టడానికి అదనంగా సమయం పడుతుంది, అది కూడా ఈ 30లోంచే పోతుంది. శనివారం మాలకొండ మెట్లెక్కేటప్పుడు ఛాతీ పట్టేయడం, దిగేటప్పుడు ఏమీ లేకపోవడం ఈ లెక్కవల్లే. జ్వరం, రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువ కావడం, ఉన్నట్టుండి గుండె లయ తప్పడం కూడా అదే పని చేస్తాయి. వాల్వు మారకుండానే నొప్పి ఎక్కువైందంటే ముందు వీటిని వెతకాలి.

మిగతా కండరాలు అవసరమైతే రక్తంలోంచి ఇంకాస్త ఆక్సిజన్ పిండుకుంటాయి. గుండెకు ఆ వెసులుబాటు లేదు, కూర్చున్నప్పుడే 70 శాతం పైన తీసేసుకుంటుంది. పనిభారం పెరిగితే ప్రవాహం పెరగాల్సిందే. మంచి కరోనరీలు మూడు నాలుగు రెట్లు పెంచగలవు. అయోర్టిక్ స్టెనోసిస్‌లో సన్న నాళాలు కూర్చున్నప్పుడే సాధ్యమైనంత తెరుచుకుని ఉంటాయి, ఇంక తెరుచుకోవడానికి చోటుండదు. యాంజియోగ్రామ్‌లో పెద్ద గొట్టాలే కనిపిస్తాయి, ఈ నిల్వ శక్తి కనపడదు. కాబట్టి "బ్లాకుల్లేవు" అన్న మాట నిజమే, "గుండెకు రక్తం సరిపోతోంది" అన్న అర్థం మాత్రం అందులో లేదు.

బ్లాకులూ వాల్వు జబ్బూ రెండూ ఉన్నవాళ్లు తక్కువేం కాదు. పొగ, షుగరు, కొలెస్ట్రాల్, వయసు రెండింటికీ తోడ్పడతాయి. అందుకే వాల్వు ఆపరేషన్‌కు ముందు నలభై దాటిన మగవాళ్లకు, నెలసరి ఆగిన ఆడవాళ్లకు కరోనరీలు చూడటం ఆనవాయితీ. ఇక్కడ ఒక చిక్కుంది. మధ్యరకం బ్లాకు నిజంగా అడ్డేనా అని తేల్చడానికి ఒత్తిడి కొలిచే సన్న తీగ పెట్టి, బ్లాకుకు అవతలి ఒత్తిడి ఇవతలి దానిలో ఎంత వంతో చెప్పే ఎఫ్‌ఎఫ్‌ఆర్ కొలుస్తారు, 0.80 లేదా అంతకన్నా తక్కువైతే అడ్డు కిందే లెక్క. మందు ఇచ్చి ప్రవాహాన్ని గరిష్ఠానికి పెంచితేనే ఆ కొలత చెల్లుతుంది. వాల్వు సన్నబడిన గుండెలో ప్రవాహం అంత పెరగదు కాబట్టి బ్లాకు ఉన్నదానికన్నా తేలికగా కనిపించొచ్చు. వాల్వు మార్చాక కొలిస్తే అదే చోట అంకె ఇంకా దిగొచ్చు. 0.82 వచ్చిందని ఊరుకోవాలా, స్టెంటు వేయాలా, లేక వాల్వుతో పాటే బైపాస్ చేయాలా అన్నది గుండె డాక్టరు, సర్జను కలిసి తేల్చాల్సిన విషయం. ఒక్క అంకె మీద తీర్పు చెప్పకపోవడమే మంచిదని నా నమ్మకం.

కరోనరీల తర్వాత దెబ్బతినేది బృహద్ధమని మొదటి భాగం. చెరువు తూము షట్టరును కొంచెమే ఎత్తితే నీళ్లు ఎంత వడిగా దూకి ఎదుటి గట్టును కోస్తాయో మన డెల్టా రైతులకు చెప్పక్కర్లేదు. సన్నని వాల్వులోంచి రక్తం సెకనుకు 4, 5 మీటర్ల వేగంతో చిమ్ముతుంది, మామూలుగా అది ఒకటిన్నర మీటరు లోపే. ఆ ధార సుడులు తిరుగుతూ ధమని గోడను ఒకేచోట కొడుతుంటే గోడలోని సాగే పొరలు దెబ్బతిని, వాల్వుకు పైన ధమని ఉబ్బుతుంది. రెండే రెక్కల వాల్వు ఉన్నవాళ్లలో ధార పక్కకు వాలి, ఎక్కువమందిలో ముందువైపు కుడి గోడకు తగులుతుంది. పైగా వాళ్ల ధమని గోడలోనే పుట్టుకతో కొంత బలహీనత ఉండొచ్చు. ఇలాంటి వాల్వు నూటికి ఒకరిద్దరికి ఉంటుంది, అంటే ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉన్నట్టే. మామూలు ఎకోలో బృహద్ధమని మొదటి కొద్ది సెంటీమీటర్లే బాగా కనిపిస్తాయి. రిపోర్టులో బైకస్పిడ్ (రెండే రెక్కల వాల్వు) అని ఉంటే ధమని వెడల్పు అంకె కూడా అడగండి. 4 సెంటీమీటర్లు దాటితే, లేదా ఎకోలో సరిగా కనపడకపోతే సీటీ అవసరపడొచ్చు. 5.5 సెంటీమీటర్లకు ధమనికే ఆపరేషన్, అపాయాన్ని పెంచే అంశాలుంటే 5కే. వాల్వు కోసం ఎలాగూ ఛాతీ తెరుస్తుంటే 4.5 దగ్గరే ధమనిని కూడా మార్చడం గురించి ఆలోచిస్తారు. ఇలాంటి వాల్వు ఉన్నవాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు ఒకసారి ఎకో చేయించుకోవాలి. ఈ మాట చాలామందికి ఎవరూ చెప్పరు, అందుకే గట్టిగా రాస్తున్నాను.

మెడలోని కెరోటిడ్ ధమనుల దగ్గర ఇంకో రకం గందరగోళం. వాల్వు శబ్దం మెడదాకా వినిపిస్తుంది, దాన్ని కెరోటిడ్‌లో అడ్డు అనుకోవడం సులభం. వేలితో నాడి పట్టి చూస్తే అల చిన్నదిగా, ఆలస్యంగా, మెల్లగా లేస్తుంది. ముసలివాళ్లలో గోడలు బిరుసెక్కి ఈ గుర్తు కప్పబడిపోతుంది, నాడి బాగుందని వాల్వు బాగున్నట్టు కాదు. రక్తం వేగం కొలిచే మెడ డాప్లర్‌లో అసలు మెలిక ఉంది. సెకనుకు 230 సెంటీమీటర్ల వేగం దాటితే 70 శాతం పైన అడ్డు అని ఒక కొలమానం. వాల్వు దగ్గరే అల మొద్దుబారిపోతే మెడలో ఆ వేగం రాదు, ఉన్న అడ్డు చిన్నదిగా కనిపిస్తుంది. అప్పుడు లోపలి కెరోటిడ్ వేగాన్ని ఉమ్మడి కెరోటిడ్ వేగంతో భాగించి ఆ నిష్పత్తి చూడాలి, 4 దాటితే అడ్డు పెద్దదే. స్కాన్ చేసేవాళ్లకు వాల్వు జబ్బు ఉందని ముందే చెప్పండి, ఎకో రిపోర్టు వెంట తీసుకెళ్లండి.

కళ్లు తిరిగి పడిపోవడం ఈ జబ్బు ఇచ్చే పెద్ద హెచ్చరిక. నడిచేటప్పుడు కాళ్ల కండరాల్లో నాళాలు తెరుచుకుంటాయి, గుండె దానికి తగ్గట్టు ఎక్కువ రక్తం పంపాలి. సన్నని వాల్వు పంపనివ్వదు. బీపీ పడిపోతుంది, మెదడుకు అందదు. మన వేసవి దీనికి తోడవుతుంది. రోహిణీ కార్తె ఎండలో రొయ్యల చెరువు గట్టు మీదో, మిరప కళ్లంలోనో చెమటోడ్చి పనిచేస్తే ఒంట్లో నీరు తగ్గి గుండెకు తిరిగొచ్చే రక్తమే తగ్గుతుంది. బిరుసెక్కిన గది నిండడానికి కొంచెం ఎక్కువ రక్తమే కావాలి, దానికి అదే కరువవుతుంది. నీటి మాత్రలు, బీపీ మాత్రలు వాడేవాళ్లు ఎండాకాలంలో వాటి మోతాదు గురించి డాక్టరును అడగాలి. సొంతంగా ఆపేయడం, పెంచడం రెండూ వద్దు.

ఛాతీ నొప్పి రాగానే ఇంట్లో ఉన్న నాలుక కింద మాత్ర పెట్టడం మన ఊళ్లలో అలవాటు. తీవ్రమైన అయోర్టిక్ స్టెనోసిస్ ఉందని తెలిసిన మనిషికి డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప అది పెట్టొద్దు. ఆ మాత్ర సిరల్ని వదులు చేసి గుండెకు వచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది. పై బీపీతో పాటు కింది బీపీ కూడా జారితే, ఇందాక వేసిన లెక్కలో 70 కాస్తా 50 అవుతుంది, కరోనరీలకు మిగిలేది 25. పడిపోయిన మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టి 108కి ఫోన్ చేయండి. ఆయాసంతో ఉంటే మాత్రం పడుకోబెట్టకండి, ఆనించి కూర్చోబెట్టండి. లైంగిక సామర్థ్యం కోసం వాడే మాత్రలకూ ఇదే జాగ్రత్త, చెప్పడానికి సిగ్గుపడి ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు.

మలం నల్లగా పోవడం, రక్తం తగ్గిపోవడం కూడా వాల్వుకు సంబంధించినవే కావొచ్చు. రక్తం గడ్డకట్టడానికి సాయపడే వాన్ విల్లీబ్రాండ్ అనే పెద్ద ప్రోటీన్ వాల్వులోంచి చిమ్మే ధార వడికి సాగి ముక్కలవుతుంది. పేగుల్లో బలహీనంగా ఉన్న సన్న నాళాల నుంచి రక్తం కారుతుంటుంది. ఈ రెండు జబ్బులూ జంటగా కనిపించడాన్ని హేడ్ అనే డాక్టరు 1958లో ఎత్తి చూపారు, ఆయన పేరుతోనే దీన్ని పిలుస్తారు. వాల్వు మార్చితే చాలామందిలో కారడం తగ్గుతుంది.

ఎకో రిపోర్టు చదవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. చూడాల్సినవి మూడు: ధార గరిష్ఠ వేగం, సగటు ఒత్తిడి తేడా, వాల్వు వైశాల్యం. వేగం 4 మీటర్లు, సగటు తేడా 40, వైశాల్యం 1 దగ్గర తీవ్ర దశ మొదలవుతుంది. వేగాన్ని దానితోనే గుణించి మళ్లీ 4తో గుణిస్తే గరిష్ఠ తేడా వస్తుంది: వేగం 4 అయితే 64. స్కాన్ చేసే ప్రోబు ధారకు సూటిగా లేకపోతే వేగం తక్కువగా వస్తుంది. ఛాతీ కుడి అంచు నుంచి కూడా చూడకపోతే 4.3 ఉన్నది 3.6గా నమోదు కావొచ్చు. వైశాల్యం లెక్కలో ఇంకా సున్నితమైన చోటు ఉంది. వాల్వు కిందున్న దారి వ్యాసం కొలిచి, దాన్ని వర్గం చేస్తారు. వ్యాసం 2 సెంటీమీటర్లు అనుకుంటే ఆ దారి 3.14, 1.8 అనుకుంటే 2.54. వాల్వు కింది వేగాన్ని ధార వేగంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.33 ఉన్న మనిషికి మొదటి కొలతతో వాల్వు వైశాల్యం 1.04, రెండో దానితో 0.84 వస్తుంది. రెండు మిల్లీమీటర్ల తేడా మధ్యరకాన్ని తీవ్రం చేసేసింది. అందుకే నేను ఆ నిష్పత్తిని నమ్ముతాను. దానికి వ్యాసంతో పనిలేదు, 0.25 కన్నా తక్కువైతే తీవ్రమే. ఏడాది కిందటి రిపోర్టుతో పోల్చేటప్పుడు రెండింటిలోనూ వ్యాసం ఒకటే వేశారో లేదో చూడండి.

అంకెలు ఒకదానికొకటి పొసగకపోతే, అంటే వైశాల్యం 0.8 ఉండి సగటు తేడా 28 మాత్రమే ఉంటే, మూడు కారణాలు ఉండొచ్చు. కొలత తప్పి ఉండొచ్చు. మనిషి పొట్టిగా సన్నగా ఉండొచ్చు, అప్పుడు ఒంటి వైశాల్యంతో భాగించి చూడాలి, చదరపు మీటరుకు 0.6 హద్దు. లేదా గుండె నీరసించి తగినంత రక్తం తోయలేకపోతుండొచ్చు. ఈ చివరిదే అపాయం, తేడా తక్కువుందని ఇంటికి పంపేస్తే మనిషిని పోగొట్టుకుంటాం. పంపింగ్ తగ్గినవాళ్లకు గుండె గట్టిగా కొట్టుకునేలా చేసే డోబుటమిన్ మందు ఇచ్చి ఎకో చేస్తారు. పంపింగ్ బాగున్నవాళ్లకు సీటీలో వాల్వు మీద సున్నం ఎంతుందో స్కోరుగా కొలుస్తారు, మగవాళ్లకు 2000, ఆడవాళ్లకు 1200 దాటితే వాల్వు నిజంగానే తీవ్రంగా సన్నబడి ఉండే అవకాశం ఎక్కువ. ఈ సీటీకి రంగు మందు అక్కర్లేదు, కిడ్నీ జబ్బున్నవాళ్లకూ చేయొచ్చు.

గుండె ఎడమ పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వు సన్నబడితే దెబ్బ వేరే ధమనులకు తగులుతుంది. మన జిల్లాల్లో వయసులో ఉన్న ఆడవాళ్లలో ఎక్కువగా చూసేది ఇదే, చిన్నప్పుడు గొంతు నొప్పి తర్వాత వచ్చిన రుమాటిక్ జ్వరం మిగిల్చిన ముద్ర. 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల దారి 1.5కు దిగితే తీవ్రం. పై గదిలో ఆగిన రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెంచుతుంది, ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే పల్మనరీ ధమనిలో 25 ఉండాల్సిన పై ఒత్తిడి 60, 80 దాకా పోతుంది. పడుకుంటే ఆయాసం, దగ్గితే కఫంలో రక్తపు చారలు. ఉబ్బిన పై గదీ పల్మనరీ ధమనీ పక్కనే పోయే స్వరపేటిక నరాన్ని నొక్కి గొంతు బొంగురుపోవడం కూడా ఉంది. గర్భంతో రక్తం పరిమాణం 40, 50 శాతం పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. అప్పటిదాకా ఏ బాధా లేని అమ్మాయికి ఆరేడు నెలల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఇందుకే. రెక్కలు మెత్తగా ఉండి, పై గదిలో గడ్డ లేకపోతే, లీకు పెద్దగా లేకపోతే తొడ సిర నుంచి బెలూన్ పంపి తెరవొచ్చు. గర్భంలోనూ అవసరమైతే చేస్తారు.

ఈ వాల్వుతో గుండె లయ తప్పితే పై గదిలో గడ్డకట్టిన రక్తం మెదడు ధమనికో కాలి ధమనికో పోయి ఇరుక్కుంటుంది. రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ వాడి, గడ్డకట్టే తీరును చెప్పే ఐఎన్‌ఆర్ 2, 3 మధ్య ఉంచాలి. రక్తపరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలు ఈ రుమాటిక్ జబ్బులో వద్దు, 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనంలో రివరాక్సబాన్ వాడినవాళ్లకన్నా పాత మందు వాడినవాళ్లే మెరుగ్గా ఉన్నారు. ఆకుకూరలు ఈ పాత మందు పనిని మారుస్తాయి, అయినా గోంగూర, తోటకూర మానేయక్కర్లేదు. వారానికి ఎంత తింటున్నారో ఎప్పుడూ అంతే తినండి. ఎండుచేపలు, ఊరగాయలు మాత్రం తగ్గించాల్సిందే, ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. రుమాటిక్ జ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి 12 లక్షల యూనిట్ల పెన్సిలిన్ ఇంజెక్షన్, వాల్వు దెబ్బతిన్నవాళ్లకు చివరి దాడి నుంచి పదేళ్లు లేదా నలభై ఏళ్ల వయసు, ఏది ఎక్కువైతే అంతవరకు. సూది నొప్పికి భయపడి మధ్యలో ఆపేసినవాళ్లకే వాల్వు ఇంకా పాడవుతుంది.

అయోర్టిక్ వాల్వును మందులు తెరవలేవు. ఛాతీ నొప్పి, పడిపోవడం, ఆయాసం వీటిలో ఏదైనా మొదలైందంటే వాల్వు మార్చాల్సిందే. మార్చకుండా వదిలేస్తే నొప్పి మొదలైనప్పటి నుంచి సగటున ఐదేళ్లు, స్పృహ తప్పడం నుంచి మూడేళ్లు, గుండె నీరసించిన దగ్గర్నుంచి రెండేళ్లు అని 1968 నాటి లెక్క ఇప్పటికీ పాఠంగా చెబుతారు. తొడ రక్తనాళం గుండా కొత్త వాల్వు పెట్టే టావీ 2002లో ఫ్రాన్సులో మొదలైంది. దానిలో కరోనరీ ధమని మొదలు ఎంత ఎత్తులో ఉందో సీటీలో తప్పకుండా కొలుస్తారు. 10, 12 మిల్లీమీటర్ల కన్నా కిందుంటే పాత రెక్క నొక్కుకుపోయి ఆ ద్వారం మూసుకుపోయే ప్రమాదముంది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వెళ్లేవాళ్లు వాల్వు ఆపరేషన్ ఆ ఆసుపత్రి నెట్‌వర్కులో, ఆ ప్యాకేజీలో ఉందో లేదో ముందే అక్కడి వైద్యమిత్రను అడిగి తెలుసుకోండి.

కొత్త వాల్వు పడగానే గది ఒత్తిడి ఆ పూటే దిగుతుంది, కరోనరీల్లోకి ప్రవాహం కొంత అప్పుడే మెరుగవుతుంది. మందమైన గోడ పలచబడటానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పడుతుంది, అందుకే కొందరికి గట్టిగా నడిస్తే నొప్పి ఇంకా కొన్నాళ్లుంటుంది. తగ్గకపోతే బ్లాకుల సంగతి మళ్లీ చూడాలి. ఆపరేషన్ దాకా రానివాళ్లలో తేలికపాటి స్టెనోసిస్‌కు మూడు నుంచి ఐదేళ్లకోసారి, మధ్యరకానికి ఏడాది రెండేళ్లకోసారి, బాధ లేని తీవ్ర దశకు ఆరు నెలల నుంచి ఏడాదికోసారి ఎకో. వాల్వు మార్పించుకున్నవాళ్లు పన్ను పీకించుకునే ముందు, చిగుళ్లకు చికిత్స చేయించుకునే ముందు ఆ సంగతి డెంటిస్టుకు చెప్పాలి. వాల్వుకు ఇన్ఫెక్షన్ సోకకుండా, పెన్సిలిన్ పడని అలర్జీ లేకపోతే పెద్దవాళ్లకు అమాక్సిసిలిన్ 2 గ్రాములు, పనికి అరగంట నుంచి గంట ముందు, ఒకే మోతాదుగా ఇస్తారు.